వగరు పుట్టే మెట్టనేల

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. స్పెయిన్ ఆగ్నేయ మూలన, మూర్సియా ప్రాంతంలో హుమియా అనే ఊరు ఉంది. దాని చుట్టుపక్కల పడేది సుమారు 300. మన రైతు కరవు అనుకునే ఏడాది వాన కూడా అక్కడ మామూలు ఏటి లెక్కలోకే వస్తుంది. అయినా ఆ ఎండు పీఠభూమి మీద వేల హెక్టార్లలో ద్రాక్ష సాగవుతోంది. పాత తోటల్లో చాలావాటికి పందిరి లేదు, బోరు లేదు. మొక్కకూ మొక్కకూ మధ్య రెండున్నర మూడు మీటర్ల ఎడం, రాళ్లూ సున్నమూ కలిసిన నేల, మోకాలెత్తు మోడు మీద గుబురుగా నాలుగైదు కొమ్మలు. ఆ ద్రాక్ష రకం పేరు మొనస్త్రెల్. దాంతో చేసే ఎర్ర వైన్‌ను స్పెయిన్‌లోని బాగా గట్టి వైన్లలో ఒకటిగా లెక్కిస్తారు. గ్లాసు వెనక పెట్టిన వేలు కనిపించనంత ముదురు రంగు, 14 నుంచి 15 శాతం ఆల్కహాల్, చిగుళ్ల దాకా పట్టేసే వగరు దాని గుర్తులు.

ఇంత తక్కువ నీటికి అంత ముదురు రుచి ఎలా వస్తుంది? అంతకన్నా ఎక్కువ వాన పడే మన సీమలో అదే పంట అలా ఎందుకు పండదు? ఆ వైన్ మన సంగటి పక్కన పెడితే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు ఒకదానిలోంచి ఇంకొకటి వస్తాయి.

మూడో ప్రశ్న ఊరికే వేసింది కాదు. స్పెయిన్‌తో అనంతపురానికి ఉన్నంత అనుబంధం మన దేశంలో మరే మెట్ట జిల్లాకూ ఉండదేమో. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1952లో క్రైస్తవ మిషనరీగా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులతో కలిసి బావుల పని చేశారు. 1968లో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడి, గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీని నిలబెట్టారు. 2009లో ఇక్కడే కన్నుమూశారు. పల్లెల్లో ఇప్పటికీ ‘ఫాదర్’ అంటే ఆయనే. ఇక్కడి పిల్లల చదువుకు డబ్బు పంపే స్పెయిన్ కుటుంబాలు ఏటా వచ్చి ఆ పిల్లల్ని చూసి వెళ్తుంటాయి. స్పానిష్ అతిథి సంగటి ముద్ద ముందు కూర్చోవడం అనంతపురంలో వింత కాదు.

ముందు మొక్క సంగతి చూద్దాం. నేలలో తడి తగ్గిందని మొదట తెలిసేది వేరుకి. అప్పుడు మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరిగి ఆకుల దాకా చేరుతుంది. ఆకు అడుగున ఉండే పత్రరంధ్రాలు మూసుకుంటాయి. నీరు ఆవిరై పోవడం ఆగుతుంది, కొత్త చిగుళ్లు పెరగడం కూడా ఆగుతుంది. ఇదే హార్మోన్ కాయ రంగు తిరిగే వేళ తొక్కలో ఎరుపు, ఊదా రంగుల తయారీని కూడా మొదలుపెట్టిస్తుంది. దాహం అతిగా కాకుండా ఓ మోతాదులో ఉంటే కొమ్మ మీద ఖర్చు తగ్గి కాయ మీద పెరుగుతుంది. పండు సైజు కూడా చిన్నదవుతుంది.

ఈ చిన్న సైజులోనే అసలు విషయం ఉంది. రెండు సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న ద్రాక్షపండులో ప్రతి ఘన సెంటీమీటరు గుజ్జుకీ మూడు చదరపు సెంటీమీటర్ల తొక్క ఉంటుంది. పండు 1.2 సెంటీమీటర్లకు తగ్గితే అదే గుజ్జుకు అయిదు చదరపు సెంటీమీటర్ల తొక్క వస్తుంది. హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహి ద్రాక్షను తినడానికి పెంచారు కాబట్టి పెద్ద పండు, పలుచటి తొక్క, నిండా రసం దాని గొప్ప. వైన్‌కి కావలసినవి సరిగ్గా వీటికి ఎదురు లక్షణాలు: చిన్న పండు, మందపు తొక్క.

ఎందుకో కళ్లారా చూడాలంటే స్పెయిన్ దాకా పోనక్కర్లేదు. హిందూపురం దాటి కర్ణాటకలోకి వెళ్తే చిక్కబళ్లాపురం, దొడ్డబళ్లాపురం వైపు బెంగళూరు బ్లూ ద్రాక్ష తోటలు కనిపిస్తాయి. సీజన్లో తోపుడు బండి మీద దొరికే ఆ నల్లపండు ఒకటి తీసుకుని రెండు వేళ్ల మధ్య నొక్కండి. తొక్క ఒక్కసారిగా ఊడి వస్తుంది. లోపలి గుజ్జు లేత ఆకుపచ్చగా, దాదాపు రంగు లేకుండా ఉంటుంది. రంగంతా వేళ్లకు అంటిన ఆ తొక్కలోనే ఉంది. ఇప్పుడు గుజ్జు మింగేసి తొక్కను మాత్రం నెమ్మదిగా నమలండి. నేరేడు పండు తిన్నప్పటిలా నాలుక బిగుసుకుంటుంది. తర్వాత విత్తనం కొరకండి. అది ఇంకా మొరటు వగరు, కొంచెం చేదు కూడా. నేరేడుకీ నల్లద్రాక్షకీ ఊదారంగు ఇచ్చేవి ఒకే కుటుంబానికి చెందిన ఆంథోసయనిన్లు. వగరు ఇచ్చేవి టానిన్లు.

ఎర్ర వైన్ చేసేటప్పుడు రసాన్ని తొక్కలతో, విత్తనాలతో కలిపే పులియబెడతారు. ఆంథోసయనిన్లు నీటిలో సులువుగా కరుగుతాయి కాబట్టి రంగు మొదటి కొద్దిరోజుల్లోనే దిగిపోతుంది. విత్తనాల్లోని టానిన్లు దిగాలంటే ఆల్కహాల్ పెరగాలి. కాబట్టి ఎన్నాళ్లు తొక్కల మీద ఉంచారన్నది వైన్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. ఆల్కహాల్ చక్కెరలోంచి వస్తుంది. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్. 14.5 శాతం ఉన్న వైన్ అంటే ఆ రసంలో లీటరుకు పావుకిలోకు దగ్గరగా చక్కెర ఉండేదన్న మాట. ఎండ బాగా కాసే చోట, పండును బాగా పండనిచ్చి కోసే రకంలో ఇది సాధ్యం. మొనస్త్రెల్ అలాంటిదే.

ఇక నోట్లో జరిగేది చూద్దాం. లాలాజలంలో ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండే ప్రొటీన్లు ఉంటాయి. నోరు జారుడుగా ఉండటంలో వాటికి పాత్ర ఉంది. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నాలుకకూ అంగిలికీ మధ్య రాపిడి పుడుతుంది. వగరు అంటే ప్రధానంగా ఈ రాపిడే. తీపి, పులుపుల్లా రుచిమొగ్గలకు మాత్రమే తెలిసే సంగతి కాదు. సీమ మెట్టల్లో, బాటల పక్కన పసుపుపచ్చగా పూసే తంగేడు బెరడుతో పూర్వం తోళ్లు పదును చేసేవారు. అక్కడ కూడా పనిచేసేది టానిన్లే. తోలులోని కొల్లాజెన్‌లోనూ ప్రోలిన్ ఎక్కువ. టానిన్ దాన్ని పట్టుకుని బిగిస్తే తోలు కుళ్లకుండా గట్టిపడుతుంది. తోలు మీద జరిగినదే, కొన్ని క్షణాలపాటు, మన లాలాజలం మీద జరుగుతుంది.

గట్టి ఎర్ర వైన్‌ను మాంసంతో తాగాలని యూరప్‌లో తరతరాలుగా చెబుతున్నదానికి ఆధారం ఇక్కడే దొరుకుతుంది. 2012లో కరెంట్ బయాలజీ పత్రికలో అచ్చయిన ఒక అధ్యయనంలో మనుషులకు వగరు పానీయాలు గుక్క గుక్కగా ఇచ్చారు. ఒక్కొక్క గుక్క బలహీనమైనదే అయినా వరసగా తాగేకొద్దీ వగరు పెరుగుతూ పోయింది. మధ్యమధ్యలో కొవ్వున్న ఎండు మాంసం ముక్క ఇచ్చినప్పుడు నోట్లో మిగిలే జిడ్డు తగ్గింది, వగరు కూడా అదుపులో ఉంది. కొవ్వు నోటిని జారుడు చేస్తుంది, టానిన్ ఎండగడుతుంది. ఒకదాన్ని ఒకటి సరిచేసుకుంటాయి. మాంసంలోని, గింజల్లోని ప్రొటీన్లు కూడా లాలాజలం కన్నా ముందే కొన్ని టానిన్లను పట్టేసుకుంటాయి. ఉప్పు చేదును అణుస్తుంది.

దీన్ని వైన్ లేకుండానే పరీక్షించవచ్చు. పాలు కలపని చిక్కటి టీ డికాక్షన్ రెండు గుక్కలు తాగి, ఉప్పు వేసి వేయించిన చెనిక్కాయలు గుప్పెడు నమిలి, మళ్లీ ఒక గుక్క తాగండి. తేడా నోటికే తెలుస్తుంది. టీలో పాలు పోస్తే వగరు చచ్చిపోవడం కూడా ఇలాంటిదే, పాలలోని కేసిన్ టానిన్‌ను పట్టేస్తుంది. చెనిక్కాయలో దాదాపు సగం బరువు నూనె, నాలుగో వంతు ప్రొటీన్. అనంతపురం ఎర్రనేల దశాబ్దాలుగా నమ్ముకున్న పంట, గట్టి ఎర్ర వైన్‌కు పక్కన ఉండదగ్గ మొదటి తిండి. సంగటిలోకి చేసుకునే ఊరిబిండిలో చెనిక్కాయ పాలు ఎక్కువ, మిరప పాలు తక్కువ వేస్తే అది మొనస్త్రెల్‌తో చక్కగా కుదురుతుంది. రాగి పైపొరలో కూడా టానిన్లు ఉంటాయి కాబట్టి సంగటి తినే నోటికి లేత వగరు కొత్త కాదు.

గొర్రె మాంసం కథ ఇంకా దగ్గరిది. వాన తక్కువైన చోట మందలే ఆసరా. అనంతపురంలో అంతే, స్పెయిన్ పీఠభూముల్లోనూ అంతే. హుమియా చుట్టుపక్కల సెగురా జాతి గొర్రెపిల్ల మాంసానికి పేరుంది. ఉత్తరాన రిబెరా దెల్ దువేరోలో టెంప్రానియో వైన్‌తో పాటు పాలు తాగే గొర్రెపిల్లను మట్టిపాత్రలో పెట్టి కట్టెల పొయ్యిలో కాలుస్తారు. హుమియాలో కుందేలు మాంసం పులుసులో పులియబెట్టని రొట్టెను తుంచి వేసి ఉడికించే వంటకం ఒకటుంది, గొర్రెల కాపరుల తిండి. కాల్చిన మాంసం మీద స్పెయిన్‌వాళ్లు థైమ్ ఆకు వేస్తారు. ఆ ఆకు వాసనకు మూలమైన థైమాల్ మన వాములో పుష్కలంగా ఉంది. పొట్టేలు మాంసాన్ని అల్లం, వెల్లుల్లి, మిరియాలు, చిటికెడు వాముతో, పచ్చిమిర్చి మాటెత్తకుండా వేపితే అది హుమియా బల్ల మీద కూడా పరాయిదిగా కనిపించదు. మిరియాల ఘాటు వాసనకు కారణమైన రొటండోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో షిరాజ్ ద్రాక్షలో గుర్తించారు. మొనస్త్రెల్‌కు ఫ్రెంచి పేరైన మూర్వేద్ర్‌లో కూడా అది కనిపించింది. అయిదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదు. ఒకే సీసా తాగిన ఇద్దరు దాని మిరియపు వాసన గురించి వాదించుకుంటే ఇద్దరిదీ నిజమే కావచ్చు.

నాటుకోడి పులుసు దగ్గరికి వచ్చేసరికి నేను వేరేలా చెప్పాలి. సీమలో అతిథికి పెట్టే గొప్ప వంట అది. కానీ మొనస్త్రెల్ దానికి సరిపడదు. కారణాలు రెండు, మిరపా చింతపండూ.

మిరపలోని కాప్సైసిన్ నోట్లో మంటను గుర్తించే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని రేపుతుంది. 1997లో ఆ గ్రాహకాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అది మామూలుగా 42, 43 డిగ్రీల వేడికి మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దగ్గరికి పడిపోతుందని 2002లో తేలింది. మన ఒంటి వేడే 37. అంటే 15 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ దానంతటదే కొంచెం మండిస్తుంది, అప్పటికే కారంతో రేగిన నోట్లో పోస్తే మంట మీద మంట. పైగా ఆ మంటలో టానిన్ వగరు మరింత మొరటుగా అనిపిస్తుంది. మిరపకాయ బజ్జీ, ఉగ్గాని కూడా ఈ లెక్కలోవే. ఓళిగ వేరే కారణంతో కుదరదు. తీపి తిన్న నోటికి చక్కెర లేని వైన్ పుల్లగా, చేదుగా తగులుతుంది.

చింతపండు సంగతి నాకు మరీ ముచ్చటగా ఉంటుంది. చాలా పండ్ల పులుపు సిట్రిక్, మాలిక్ ఆమ్లాలది. టార్టారిక్ ఆమ్లాన్ని ఇంత పెద్ద ఎత్తున దాచుకునే పండ్లు అరుదు. ద్రాక్ష ఒకటి, చింత ఇంకొకటి. చింతపండు గుజ్జు బరువులో పదో వంతుకు అటూ ఇటూగా ఈ ఆమ్లమే. ద్రాక్ష వేడికి పండేటప్పుడు మాలిక్ ఆమ్లాన్ని శ్వాసక్రియలో కాల్చేస్తుంది. టార్టారిక్‌ను అలా ఖర్చు పెట్టదు. చింతలోనూ పండాక తీపి పెరుగుతుందే తప్ప ఆ ఆమ్లం పోదు, అందుకే మాగిన చింతపండు కూడా పుల్లగానే ఉంటుంది. ఎండ దేశాల వైన్ తయారీదార్లు పులుపు చాలక రసంలో టార్టారిక్ ఆమ్లం కలుపుతుంటారు. హిందూపురం చింతపండు మార్కెట్‌లో రాశులు పోసి అమ్మే సరుకులోనూ, స్పెయిన్ సీసాలోనూ ఉన్న పులుపు ఒకటే అణువు.

అయితే ఒకే పులుపు ఉంది కదా అని జోడీ కుదరదు. చింతపులుసు తిన్న నోరు పులుపుకు అలవాటుపడిపోతుంది. ఆ తర్వాత తాగిన వైన్‌లో పులుపు సగం మాయమైనట్టు ఉంటుంది. మొదటే పులుపు తక్కువైన మొనస్త్రెల్ అప్పుడు చప్పబడి, వగరూ ఆల్కహాలూ మాత్రమే మిగులుతాయి. పులుసుకు కావలసింది పులుపు ఎక్కువగా, ఆల్కహాల్ తక్కువగా, వగరు లేకుండా ఉండే చల్లటి తెల్ల వైన్. మజ్జిగ ఇంకా మంచిది, కేసిన్ మిరప మంటనూ తగ్గిస్తుంది.

వేడి గురించి ఒక మాట. ఎర్ర వైన్‌ను గది వేడిలో తాగాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ గది యూరప్‌లోది. గట్టి ఎర్ర వైన్‌కు 16 నుంచి 18 డిగ్రీలు సరైనవి. ఏప్రిల్‌లో అనంతపురం గది వేడిలో సీసా తెరిస్తే ముక్కుకు ఆల్కహాల్ తప్ప మరేదీ తగలదు. ముందుగా ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

ఎర్ర వైన్ గుండెకు మేలన్న ప్రచారాన్ని మాత్రం నమ్మకండి. అందులోని రెస్వెరట్రాల్ మోతాదు చాలా స్వల్పం, ఆల్కహాల్ మాత్రం పూర్తిగా ఉంటుంది. ఆల్కహాల్ క్యాన్సర్ కారకమని నిర్ధారణ అయింది. ఇంత తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన రాష్ట్రం మనది. తాగుడు ఇళ్లను ఏం చేస్తుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఇక్కడ రాసిన రుచి శాస్త్రం తాగమని చెప్పే సలహా కాదు. వగరు సంగతి డికాక్షన్‌తో, పులుపు సంగతి చింతపండుతో తెలుసుకోవచ్చు.

ఇక మిగిలింది రెండో ప్రశ్న. 300 మిల్లీమీటర్లతో హుమియాలో బతికే తీగ, 550 పడే అనంతపురంలో బోరు లేకుండా ఎందుకు బతకదు? మొదటి కారణం చలికాలం. హుమియాలో శీతాకాలం మంచు పడేంత చల్లన. ఆకు రాల్చి తీగ నిద్రపోతుంది, ఆ నెలల్లో దానికి నీటి ఖర్చు దాదాపు ఉండదు, పడిన వాన నేలలో దిగి నిలుస్తుంది. లోతైన సున్నపు నేల ఆ తడిని వేసవి దాకా పట్టి ఉంచుతుంది. 14, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న మన సీమలో తీగకు నిద్ర లేదు. ఏడాది పొడవునా ఆకు ఉంటుంది, ఏడాది పొడవునా దాహం ఉంటుంది. మన ఎర్రనేలలు చాలాచోట్ల లోతు తక్కువ, నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచలేవు. ఆగస్టులో వాన మొహం చాటేస్తే చెనిక్కాయ ఊడలు దిగక ఎండిపోయేది అందుకే. సెప్టెంబరు, అక్టోబరుల్లో కుంభవృష్టిగా పడి పారిపోయే నీరు ఏడాది లెక్కలో మాత్రం చేరుతుంది.

అందుకే దక్కన్ రైతు తీగకు నిద్రను కత్తెరతో తెప్పిస్తాడు. ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి కత్తిరింపు. మొదటిది కొమ్మ కోసం, రెండోది కాయ కోసం. పంట ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు చేతికొస్తుంది. ఈ లెక్కలో ఒక మేలుంది. కాయ పండే నెలల్లో వాన ఉండదు, డిసెంబరు, జనవరి రాత్రులు చల్లగా ఉండి రంగునూ పులుపునూ కాపాడతాయి. పగలు 35 డిగ్రీలు దాటితే ఆంథోసయనిన్లు తయారు కావడం మందగిస్తుంది, ఉన్నవి కూడా విరిగిపోతాయి. కాబట్టి మార్చి ముదిరేలోపు కోసేయాలి. కీడు కూడా ఉంది. అక్టోబరు కత్తిరింపు తర్వాత వచ్చే లేత చిగురు మీద ఈశాన్య రుతుపవనాల వాన పడితే బూజు తెగులు కమ్మేస్తుంది.

ఈ లెక్క పట్టుకుని ఎర్ర వైన్ చేస్తున్నవాళ్లు సీమకు అటూ ఇటూ ఉన్నారు. బెంగళూరు దగ్గర నంది కొండల కింద గ్రోవర్ కుటుంబం 1988లో ఫ్రెంచి రకాలతో తోట పెట్టింది. బళ్లారి దాటాక కొప్పళ జిల్లాలో హైదరాబాదుకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి హిల్స్ పేరుతో క్రస్మా తోట నడుపుతున్నారు. మందుల కంపెనీ గ్రాన్యూల్స్ అధిపతిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. అక్కడ వాళ్లు కాబెర్నే సావిన్యోన్, సాంజోవేజే రకాలు పెంచారు. స్పెయిన్ రకాల్లో టెంప్రానియోతో నాసిక్‌లోని చరోసా వైన్ చేసింది. ఆ ఎంపికలో అర్థం ఉంది. టెంప్రానియో త్వరగా పండుతుంది, వేసవి ముదిరేలోపు కోతకొస్తుంది. మొనస్త్రెల్ ఆలస్యంగా చిగురించి ఆలస్యంగా పండే రకం. దక్కన్‌లో దాన్ని సంపూర్ణంగా పండనివ్వాలంటే పండు ఏప్రిల్ ఎండలోకి పోతుంది, రంగు పోగొట్టుకుంటుంది. ఎండుదేశపు తీగ కదా అని అనంతపురానికి తెచ్చి నాటేవాళ్లకు అది ఎదురు తిరుగుతుంది. పైగా ఇక్కడ బోరు నీళ్ల కోసం ఇప్పటికే చీనీ తోటలు, అరటి, దానిమ్మ పోటీపడుతున్నాయి. ఏటా మరింత లోతుకు దిగుతున్న ఆ నీటిని వైన్ ద్రాక్షకు మళ్లించమని నేనైతే చెప్పను. వాముతో వేపిన పొట్టేలు మాంసానికి గట్టి ఎర్ర వైన్ తోడు కావాలనుకునే అతిథికి, నంది కొండల కింద కాబెర్నే, షిరాజ్ కలిపి చేసే లా రిజర్వ్ సీసా చాలు.